మెట్లు ఒక్కటే, తలుపు ఒక్కటే

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారుకు కూతవేటు దూరాన గుల్జార్ హౌజ్ ఉంది. అక్కడ 2025 మే 18 ఆదివారం తెల్లవారి ఒకే ఇంట 17 మంది అసువులు బాశారు. వారిలో 8 మంది పసివారు. ఆ ఇంటి కింద దుకాణాలు, పైన కాపురం. అగ్నిమాపక శాఖకు ఫోను అందింది ఉదయం 6.16కు. మొఘల్‌పురా కేంద్రం దగ్గరే కనుక బండి త్వరగానే వచ్చింది. అయితే ఇంటి లోపలికి పోయే దారి గుహ వంటిది, వెడల్పు రెండు మీటర్లు. పైకి పోయే మెట్ల వెడల్పు ఒక్క మీటరే. మంటకంటే ముందు పొగే ఊపిరి తీసింది.

ఇది పట్నం వారి గొడవ, పల్లెకేమిటి అనుకోవడానికి వీలులేదు. వానలు మొహం చాటేసిన ఏడు పట్నం బస్సెక్కే కుర్రవాళ్లకు పాతబస్తీ గల్లీలలోనో, ఆ పక్కనే ఉన్న కాటేదానులోనో పని దొరుకుతుంది. పగలు పని ఎక్కడో, రాత్రి పడక కూడా చాలాచోట్ల అక్కడే. సికింద్రాబాదు బోయిగూడలో 2022 మార్చి 23 తెల్లవారుజామున జరిగింది ఇదే. కింద పాత ఇనుము, కాగితం, సీసాల గోదాము, పైన నిద్రపోతున్న 12 మంది బిహారు కూలీలు. దిగే మెట్లు గోదాములోకే. కిటికీ నుంచి దూకిన ఒక్కడు బతికాడు. మిగిలిన 11 మంది ఇంటికి శవాలై చేరారు.

పాశమైలారం సిగాచి కర్మాగారంలో 2025 జూన్ 30న పేలుడు జరిగి యాభై మందికి పైగా బలయ్యారు. అది సర్కారు లెక్కలో ఉన్న కర్మాగారం. లెక్కలోనే లేనివాటి మాటేమిటి? కరెంటు వాడేచోట 10 మంది, వాడనిచోట 20 మంది పనివారుంటేనే 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం దానిని కర్మాగారమనేది. 2025 నవంబరు 21న అమలుకు వచ్చిన కొత్త కార్మిక స్మృతి ఆ సంఖ్యలను 20, 40 చేసింది. చిన్నవారికి కాగితాల బాధ తప్పుతుందని ఏలినవారి వాదన. తప్పితే మంచిదే. మరి ఆరుగురు పనిచేసే గదిని చూడవలసిన వారెవరు? 2015 జనవరిలో పోలీసులు పాతబస్తీలో గాజులు చేసే ఇళ్ల మీద పడి రెండు వందల మందికి పైగా బాలలను విడిపించేదాకా వారు ఏ గదులలో మగ్గుతున్నారో లోకానికి తెలియదు.

లాడ్ బజారు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది, సంతోషం. ఆ లక్కను నిప్పుల సెగకు కరిగించే గదికి రెండో తలుపు ఉందా అని అడిగినవారు మాత్రం అరుదు. లక్క ఇంటి కథ హరికథలలో వినని పల్లె లేదు. పాండవులు బతికి బయటపడింది విదురుడు పంపిన మనిషి తవ్విన సొరంగం వల్ల. ఆ రాత్రి అక్కడే పడుకున్న నిషాద స్త్రీ, ఆమె ఐదుగురు కొడుకులు బూడిదయ్యారు. వారికి ఆ దారి సంగతి ఎవరూ చెప్పలేదు.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. కరపత్రాలు పంచుతారు, ఫొటోలు దిగుతారు. ఆ వారం రోజులైనా సిబ్బంది గల్లీ గల్లీ తిరిగి, ఎర్ర సిలిండరు గోడకు వేలాడుతోందా అన్నది తర్వాత, ముందు తలుపులు లెక్కపెట్టాలి. మెట్లకింద పేర్చిన సరుకు తీయించాలి. కిటికీ జాలీలకు లోపలినుంచి తెరుచుకునే గడియ పెట్టించాలి. కాలుతున్న తీగల మీద నీళ్లు పోయరాదని, ముందు మెయిన్ స్విచ్చి ఆపాలని, 101కి ఫోను చేయాలని పనివారికి వారి భాషలో చెప్పాలి.

పండుగకు ఇల్లు చేరిన కుర్రవాడిని జీతమెంత అని అడిగే పెద్దలు, రాత్రిళ్లు కార్ఖానాకు బయటినుంచి తాళం వేస్తారా, వేస్తే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందని కూడా అడగాలి.