చిన్నబడికి వెళ్ళిన పెద్దపిల్లలు

మొన్న వేసవి సెలవులకు ముందు ఒక ప్రధానోపాధ్యాయుడు మా ఇంటికి వచ్చాడు. నా దగ్గర చదువుకున్నవాడే. తమ ఉన్నత పాఠశాలలోని తొమ్మిదో తరగతి పిల్లలను వారానికి కొన్ని గంటలు ప్రాథమిక పాఠశాలకు పంపి, చిన్నవాళ్ళకు చదవడం, రాయడం నేర్పించాలని అతని సంకల్పం. ఉద్యోగంలో ఉండగా నేను ఈ పని చేశానని ఎవరో చెప్పారట. ఆ పిల్లలకు వెనక ఉండి దారి చూపమని అడిగాడు. వెంటనే ఒప్పుకోలేకపోయాను. ఎందుకో అతనికి సగమే చెప్పాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ఇదేదో విదేశాలనుంచి దిగుమతైన కొత్త పద్ధతి అనుకునే మిత్రులు ఉండవచ్చు. కాదు, మనదే. వీధిబడిలో అయ్యవారు ఒక్కరే. పెద్దపిల్లలు చిన్నవాళ్ళచేత ఇసుకలో ఓనమాలు దిద్దించేవారు. మా నెల్లూరికి పొరుగునున్న తమిళదేశంలో ఆ పెద్దపిల్లవాడికి చట్టాంపిళ్ళై అని పేరు కూడా ఉండేది. మద్రాసు ఎగ్మూరులో 1789లో ఏర్పడిన అనాథ బాలుర శరణాలయానికి పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాచార్యుడు, ఒక దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టబోయాడు. ఉపాధ్యాయులు కలిసిరాకపోయేసరికి ఎనిమిదేళ్ళ బాలుడికి తరగతిని అప్పగించాడు. ఆ అనుభవాన్ని 1797లో లండనులో పుస్తకంగా వేశాడు. 'మద్రాసు పద్ధతి' అన్న పేరు అలా స్థిరపడింది. 1822లో మన్రో బడుల వివరాలు అడిగినప్పుడు, బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823లో పంపిన నివేదికలో, ముందున్నవాడు వెనకున్నవాడికి నేర్పుతూ తన చదువును కూడా గట్టిపరచుకునే ఈ ఏర్పాటును మెచ్చుకొన్నాడు. ఇంగ్లండు దీన్ని అనుకరించడం ఉచితమేనని కూడా అన్నాడు.

అయితే ఇంగ్లండులో దీనికి ఆదరణ దొరికింది ముఖ్యంగా చౌకదనం వల్ల. ఒక్క ఉపాధ్యాయుడికి జీతమిచ్చి వందలమంది పిల్లలను కూర్చోబెట్టవచ్చునన్నది అక్కడివారికి కనిపించిన సుగుణం. నా భయం కూడా అదే.

ఇక నా కథ. 2016లో తొమ్మిదో తరగతినుంచి అయిదుగురు పిల్లలను దగ్గరలోని ప్రాథమిక పాఠశాలకు తీసుకువెళ్ళాను. అయిదుగురూ ఆడపిల్లలే. పసివాళ్ళను చూసుకోవడం ఆడపిల్లల పని అని నాలో ఎక్కడో ఉన్నట్లుంది, అప్పుడు తోచలేదు. నేను తరగతి వెనక చాపమీద కూర్చునేవాణ్ణి. ఒకనాడు మూడో తరగతి పిల్లలచేత ఊరిపేరు రాయించమని ఒక అమ్మాయికి చెప్పాను. కృష్ణపట్నం అని రాయాలంటే ఎంత చదువు కావాలో ఆలోచించండి! మొదటి అక్షరానికే వట్రుసుడి, తర్వాత ష కింద ణ, ట కింద న, చివర సున్న. ఇంత చిన్న ఊరికి ఇంత పెద్ద వర్ణక్రమం. పైగా పిల్లల నోట అది కిష్టపట్నం.

ఆ అమ్మాయి నల్లబల్లమీద 'కిష్టపట్నం' అనే రాసింది. పండిత శిక్షణ పొందినవాణ్ణి, ఊరుకోగలనా? సగం లేచాను. ఈలోగా ఆమె, "ఇది మన నోట్లో ఉండే ఊరు. బస్సుమీద ఉండే ఊరు ఇంకోమాదిరి ఉంటాది, చూడండి" అంటూ కింద కృష్ణపట్నం అని రాసి, రెండింటికీ ఎక్కడెక్కడ తేడా ఉందో పట్టుకొమ్మంది. పిల్లలు పరుగున వచ్చి బల్లమీద వేళ్ళు పెట్టి చూపించారు. మళ్ళీ చాపమీద కూర్చున్నాను.

తర్వాత అడిగితే, "నేనూ నాలుగోతరగతి దాకా అట్టే రాసేదాన్ని సార్. తప్పు అని కొట్టేసేవాళ్ళేగాని ఏడ తప్పో చెప్పలా" అంది. నేను ఆ మెట్టు ఎక్కి యాభై ఏళ్ళు దాటింది, అక్కడ కాలు ఎలా జారుతుందో మరచిపోయాను. ఆమె ఎక్కి అయిదేళ్ళే. పెద్దపిల్లలను చిన్నబడికి పంపడంలోని అసలు లాభం ఇదేనని నేటికీ నా నమ్మకం.

ఆ బడికి ఉపాధ్యాయుడు ఒక్కడే. ఆయన మీద నాకు కోపం లేదు. సమావేశాలు, శిక్షణలు, లెక్కలు పంపడాలు. మొదట వారానికి ఒకరోజు అనుకున్నాం. తర్వాత, "ఈరోజు మండలానికి వెళ్ళాలి, ఆ పాపను పంపండి సార్" అని ఫోను. నవంబరుకల్లా వారంలో నాలుగు మధ్యాహ్నాలు. నాకు పదో తరగతి పాఠాలు మిగిలిపోయి వెనక కూర్చోవడం మానేశాను. ఆమె మాత్రం ఉత్సాహంగా వెళ్ళేది. 'అక్కా' అని చుట్టూ మూగే పిల్లలను ఎవరు కాదనుకుంటారు? పదో తరగతికి వచ్చాక కూడా దసరా దాకా సాగింది. తన తరగతిలో ఆ మధ్యాహ్నాలు జరిగేది గణితం. సభల్లో ఆమెను మెచ్చుకొంటూ సేవాభావం గురించి రెండుసార్లు ప్రసంగించిన నాకు, ఆ కాలపట్టిక ఒక్కసారి చూడాలని తోచలేదు.

పబ్లిక్ పరీక్షలో గణితం తప్పింది. వాళ్ళ అమ్మ వచ్చి, గొంతు పెంచకుండానే అడిగింది: "మా పాప ఆ పిల్లకాయలకి చదువు చెప్పింది గదయ్యోరా, మా పాపకి ఎవురు చెప్పినారు?"

విద్యాహక్కు చట్టం 2009లోనే వచ్చింది. దాని అనుబంధం ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు కూడా 2 ఉపాధ్యాయులుండాలి. ఆ రెండో ఉపాధ్యాయుడి కుర్చీలో నేను పద్నాలుగేళ్ళ పిల్లను కూర్చోబెట్టాను. 2020 జాతీయ విద్యావిధానం కూడా పిల్లలు పిల్లలకు నేర్పడాన్ని ప్రోత్సహించింది, కాని స్వచ్ఛందంగా, శిక్షణ పొందిన ఉపాధ్యాయుల పర్యవేక్షణలో అని షరతు పెట్టింది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ వారి పల్లెబడుల పద్ధతిలోనూ తోటిపిల్లల సాయంతో నేర్చుకునే జట్టు ఒకటి ఉంటుంది. ఉపాధ్యాయుడు అదే గదిలో ఉంటాడు. మనవాళ్ళు షరతును వదిలేసి ప్రోత్సాహాన్ని మాత్రం పట్టుకుంటారని నా అనుమానం. నేను చేసింది అదే కనుక అనుమానించే అర్హత ఉందనుకుంటాను.

నా శిష్యుడికి చివరికి ఇలా చెప్పాను. మగపిల్లలనూ పంపు. వారానికి రెండు గంటలు దాటనీయకు. వాళ్ళు తిరిగివచ్చాక ఏ పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో, ఎందుకనుకుంటున్నారో అరగంటసేపు నాతో కూర్చుని చెప్పాలి. నేర్చుకునేది ఎక్కువగా ఆ అరగంటలోనే. అన్నిటికంటే ముఖ్యం, అక్కడి ఉపాధ్యాయుడు సెలవులో ఉన్ననాడు ఒక్కరినీ పంపరాదు.

అతను నవ్వి, "వాళ్ళు మనల్ని అడిగేదే ఆరోజున గదా సార్!" అన్నాడు.

ఆరోజు నన్ను పిలవమన్నాను. పింఛను వస్తోంది, చాపమీద కూర్చోవడం అలవాటే. బడులు తెరిచి పదిరోజులైంది. అతని దగ్గరనుంచి ఇంకా కబురు లేదు.