తాళంచెవి ఎవరి దగ్గరుంది?

పాత పత్రికల స్కాన్లు దొరికినప్పుడల్లా మన సాహిత్య వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట వినపడుతుంది: "డ్రైవ్‌లో పెట్టేశాం, ఇక భయం లేదు." నాకు ఆ మాట వింటేనే భయం. ఎవరి డ్రైవ్? ఆ పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసు? అడిగి చూడండి, "ఇదేమన్నా బ్యాంకా?" అని నవ్వుతారు.

బ్యాంకు కాదు, నిజమే. బ్యాంకులో డబ్బు పోతే వెళ్లి నిలదీయడానికి ఒక కౌంటరన్నా ఉంటుంది. మిగిలిన ఒక్క స్కాన్ కూడా పోతే ఎవర్ని నిలదీస్తాం?

2021 జూన్‌లో జరిగింది చూడండి. వెస్ట్రన్ డిజిటల్ కంపెనీ ఒకప్పుడు 'మై బుక్ లైవ్' అనే డిస్కు పెట్టె అమ్మేది. ఇంటి నెట్‌వర్క్‌కి తగిలిస్తే మన ఫైళ్లు ఎక్కణ్ణుంచైనా చూసుకోవచ్చు. ఆ నెలలో చాలా దేశాల్లో జనం తమ పెట్టె తెరిచి చూసేసరికి ఖాళీ. ఏళ్ల తరబడి దాచుకున్న ఫొటోలూ కాగితాలూ తుడిచిపెట్టుకుపోయాయి. తర్వాత బయటపడిన సంగతి ఇదీ: అన్నీ చెరిపేసి పెట్టెను కొత్తదానిలా చేసే ఆదేశానికి ముందు పాస్‌వర్డ్ అడగాల్సిన కోడు ఉంది గానీ, దాన్ని కామెంటుగా మార్చేశారు. 2011లో ఆ భాగాన్ని తిరగరాసినప్పుడు జరిగిన పని అది. దాని బదులు పెట్టాల్సిన తనిఖీ పెట్టలేదు. 2015 తర్వాత ఆ పెట్టెకి అప్‌డేట్లూ రాలేదు. పదేళ్లు తలుపు తీసే ఉంది. తాళం పడిందో లేదో చూసే పని ఎవరిదీ కాలేదు.

ఫైళ్లను నెట్‌వర్క్ మీద పంచుకునే పద్ధతుల్లో మొదట్నుంచీ ఉన్న బలహీనతే ఇది. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చిన ఎన్‌ఎఫ్‌ఎస్‌లో, ఎదుటి కంప్యూటరు "నేను ఫలానా నంబరు యూజర్ని" అంటే సర్వరు నమ్మేసేది. ఒకరికొకరు తెలిసినవాళ్ల మధ్య అది నడిచింది. తెలియనివాళ్లు చేరాక కెర్బెరోస్ లాంటి గట్టి తనిఖీలు అవసరమయ్యాయి. మన గ్రూపులు ఇంకా ఆ మొదటి రోజుల్లోనే ఉన్నాయి. ఒకే పాస్‌వర్డ్ ఇరవైమందికి. గొడవపడి వెళ్లిపోయినవాళ్ల దగ్గరా అదే.

ఇంకో ప్రమాదానికి దొంగ కూడా అక్కర్లేదు. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాల్ని తీసేసే విధానం గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలు చేస్తోంది. సేకరించిన పెద్దాయన కన్నుమూస్తారు. పాస్‌వర్డ్ ఇంట్లోవాళ్లకి తెలీదు. సంతాప సభ ఘనంగా జరుగుతుంది. ఆ ఖాతాతో పాటు ఫోల్డరూ పోతుంది. వందమంది దగ్గర లింకు ఉంటుంది, ఒక్కరి దగ్గరా ఫైలుండదు.

"తాళాలు వేస్తే సాహిత్యం జనానికి ఎలా చేరుతుంది?" అంటారు. చదివే హక్కునీ చెరిపే హక్కునీ కలిపేయడం వల్ల వచ్చే ప్రశ్న ఇది. లైబ్రరీలో పుస్తకం ఎవరైనా చదవొచ్చు, రిజిస్టరులో కొట్టివేతలు మాత్రం అందరూ చేయరు. చదవడానికి లోకమంతటికీ తెరవండి. మార్చడానికి ఇద్దరు ముగ్గురు చాలు, ఎవరి లాగిన్ వాళ్లకి, రెండంచెల తనిఖీతో. తప్పుకున్నవాళ్ల అనుమతి అదే రోజు తీసేయాలి. ఇంకో ఊళ్లో, నెట్‌కి తగిలించని డిస్కులో మరో కాపీ ఉండాలి. ఏడాదికోసారి ఆ కాపీలోంచి ఫైళ్లు తెరిచి చూడాలి. వీటిలో ఏదీ ఇంజినీరింగ్ చదివినవాళ్లకే సాధ్యమయ్యే పని కాదు.

అయినా చేయం. ఎందుకంటే ఈ పనికి వేదిక లేదు. స్కాన్ చేసినవాళ్లకి శాలువా కప్పుతాం, బాగానే ఉంది. ఏటా డిస్కు తెరిచి చూసేవాళ్ల పేరు కూడా మనకి తెలీదు. భాష చచ్చిపోతోందని వ్యాసాలు రాసే మనం, దాని పుస్తకాలున్న ఖాతా ఎవరిదో కనుక్కోం.

ఈసారి ఎవరైనా "పెట్టేశాం" అంటే రెండే ప్రశ్నలు అడగండి. మీరు లేకపోతే తెరిచేదెవరు? చివరిసారి తెరిచి చూసిందెప్పుడు? జవాబు వచ్చేదాకా చప్పట్లు ఆపండి.