అబ్జర్వేటరీకి కాపలా కెమెరా: చూడాల్సింది మెగాపిక్సెళ్ళు కాదండీ

హైదరాబాదు ఆకాశంలో నాలుగు చుక్కలు కనపడితే గొప్ప. అందుకని మన సాఫ్టువేరు జనాల్లో టెలిస్కోపు పిచ్చి ఉన్నవాళ్ళు కొందరు సొంతూళ్ళో పక్కకి జరిగే రేకుల కప్పుతో చిన్న గది కట్టుకుని, దాన్ని ఇక్కణ్ణుంచే నడుపుదామని చూస్తున్నారు. అసాధ్యమేం కాదు. లద్దాఖ్‌లోని హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న 2 మీటర్ల చంద్ర టెలిస్కోపుని బెంగుళూరు దగ్గర హోసకోటె నుంచి ఉపగ్రహ లింకు మీద నడుపుతారు.

పేచీ అంతా కెమెరా దగ్గరొస్తుంది. టెలిస్కోపు మీద లక్షలు పోసినవాడు కూడా, లోపలేం జరుగుతోందో చూడ్డానికి మాత్రం ఆఫర్లో దొరికిన తల తిప్పే వైఫై కెమెరా తగిలించేస్తాడు. నా మటుకు నాకు అది దండగ.

ఎందుకంటే ఆ కెమెరాలు చీకట్లో చూసేది ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలతో. 850 నానోమీటర్లవి మసగ్గా ఎర్రగా కనిపిస్తాయి, 940వి మన కంటికి ఆనవు. కంటికి ఆనకపోతే ఏం లాభం? ఫొటోలు తీసే మోనో సెన్సరుకి రెండూ ఆనతాయి. ఐఆర్ కట్ ఉన్న ఫిల్టరు పెడితే కొంత నయం. పైపెచ్చు ఆ ఎల్‌ఈడీల ముందు సాలీడు గూడు కట్టిందంటే తెరంతా తెల్లగా మెరుస్తుంది, ఇంకేం కనపడదు. అంచేత మొదటి ప్రశ్న: ఎల్‌ఈడీలని సెట్టింగుల్లో పూర్తిగా ఆపెయ్యొచ్చా? 'ఆటో' ఒక్కటే ఉంటే ఆ కెమెరా వద్దు.

మరి చీకట్లో ఎలా కనపడుతుంది అంటారా? సోనీ స్టార్‌విస్ సెన్సరున్న 2 మెగాపిక్సెళ్ళ కెమెరా చాలు. 8 మెగాపిక్సెళ్ళని అదే సైజు సెన్సరులో ఇరికిస్తే పిక్సెలు చిన్నదై చీకట్లో తేలిపోతుంది. షట్టరు స్పీడు మన చేతిలో ఉండాలి. టెలిస్కోపేం పరిగెత్తదు కదా, సెకనుకి ఒకట్రెండు ఫ్రేములొచ్చినా సరిపోతుంది. ఇంకా కావాలంటే రిలేకి చిన్న ఎర్ర బల్బు తగిలించి, రెండు ఎక్స్‌పోజర్ల మధ్య ఐదు సెకన్లు వెలిగించి చూసుకోవడమే.

జనం పట్టించుకోనిది మైకు. మెరిడియన్ ఫ్లిప్పప్పుడు కేబులు ఎక్కడో తట్టుకుంటే మోటారు మూలుగుతుంది. అది బొమ్మలో కనపడేలోపే చెవికి తెలుస్తుంది. రేకుల మీద చినుకు చప్పుడూ అంతే.

ఇక మనం రోజూ ఆఫీసులో అందరికీ చెప్పి, ఇంట్లో మర్చిపోయే సంగతి. 2016లో మిరాయ్ బాట్‌నెట్, ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చని ఐపీ కెమెరాల్నీ డీవీఆర్‌లనీ పోగేసుకుని, అక్టోబరు 21న డిన్ అనే డీఎన్‌ఎస్ సంస్థ మీద పడితే ట్విట్టరు, నెట్‌ఫ్లిక్సు లాంటివే కొన్ని గంటలు చాలామందికి అందలేదు. కాబట్టి ఆర్‌టీఎస్‌పీ, ఆన్‌విఫ్ ఉన్న కెమెరా తీసుకుని, దానికి బయటి ఇంటర్నెట్ కట్ చేసేసి, వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ లోంచి మాత్రమే చూడండి. చాలా ఊళ్ళలో ప్రొవైడరు సీజీనాట్ వెనక పెడతాడు కాబట్టి పోర్టు ఫార్వర్డింగు ఎలాగూ పనిచెయ్యదు. వైఫై బదులు పీఓఈ అయితే ఒకే వైరు మీద కరెంటూ డేటా రెండూ, 100 మీటర్ల దాకా.

ఇంత చెప్పినా, కెమెరా సాక్షే గానీ కాపలాదారు కాదు. వాన మొదలైనప్పుడు మీరు నిద్రలో ఉంటారు, లేకపోతే నెట్ పోయుంటుంది. కప్పు మూసే నిర్ణయం అక్కడున్న వాన సెన్సరూ కంట్రోలరే తీసుకోవాలి, బ్యాటరీ మీద. టెలిస్కోపు పడుకోకుండా కప్పు కదిలితే గొట్టాన్ని ఢీకొడుతుంది. కాబట్టి పార్కు పొజిషన్లో ఒక లిమిట్ స్విచ్చు పెట్టి, అది నొక్కుకుంటే తప్ప కప్పు మోటారుకి కరెంటు వెళ్ళకుండా చెయ్యాలి. ఆ స్విచ్చు ఖరీదు వందల్లోనే. ముందు అది పెట్టించండి, కెమెరా వచ్చే నెల కొనుక్కోవచ్చు.