‘మీరు వెళ్ళిరండి, మాకొద్దు’ అనే మాట గురించి

ఈసారి కాస్త పెద్దగానే రాస్తున్నాం. ఓపిక చేసుకుని చదవండి. కాదనాలనిపిస్తే వచ్చే సమావేశంలో మొహమాటం లేకుండా చెప్పండి.

మన ఇళ్ళలో ఈమధ్య ఒక మాట ఎక్కువగా వినిపిస్తోంది. పిల్లలు పుట్టినరోజుకో, పెళ్ళిరోజుకో, జీతం పెరిగినందుకో పెద్ద ఇటాలియన్ రెస్టారెంటులో టేబుల్ బుక్ చేస్తారు. "అమ్మా, నాన్నా, మీరూ రండి" అని పిలుస్తారు. మేము వెంటనే "మీరు వెళ్ళిరండి, మాకొద్దు. మాకు ఇంత పెరుగన్నం చాలు" అంటాం. మేము అంటే టి. నగర్, వెస్ట్ మాంబళం చుట్టుపక్కల ఉంటూ, అరవై దాటి, పెన్షన్ మీద బతికే తెలుగువాళ్ళం. ఆ మాట ఇక మానేద్దామని మా అభిప్రాయం.

పైకి మేము చెప్పే కారణాలు మూడు. అరగదు, శాకాహారమో కాదో తెలియదు, ధర ఎక్కువ. మూడూ నిజమే, వాటి గురించి తర్వాత చెబుతాం. అసలు కారణం నాలుగోది. దాన్ని ఎవరం బయటికి చెప్పం. అది మెనూ కార్డు.

మాలో చాలామందిమి తమిళ మీడియంలో చదివాం. తెలుగు అమ్మ దగ్గరా, సినిమా పాటల దగ్గరా నేర్చుకున్నాం. ఇంగ్లీషు ఆఫీసులో నేర్చుకున్నాం. పార్సెల్ ఆఫీసులో రూల్సు పుస్తకం చదవడానికీ, పైఆఫీసుకు జవాబు రాయడానికీ ఆ ఇంగ్లీషు సరిపోయింది. ఈ కార్డు మీద అక్షరాలు ఇంగ్లీషువి, మాటలు ఇటలీవి. మసక వెలుతురులో కళ్ళజోడు సర్దుకుంటూ ఉంటే, వెయిటరు పక్కనే నిలబడి ఉంటాడు. మనవడు "తాతా, మీకేం కావాలి?" అంటాడు. "నీకేది ఇష్టమో అదే చెప్పు నాన్నా" అంటాం. మనవడి ముందు తెలియనివాళ్ళంగా కనబడటం మాకు కష్టం. అందుకే తర్వాతిసారి ఇంట్లోనే ఉండిపోతాం.

తినేచోట గుమ్మం దగ్గర ఆగిపోవడం మన ఊరికి కొత్త కాదు. రైల్వేలో పనిచేసినవాళ్ళం కాబట్టి మాకు తెలిసిన ఉదాహరణ చెబుతాం. ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో రైల్వే స్టేషన్ల భోజనశాలల్లో బ్రాహ్మణులకు వేరే చోటు, మిగతావాళ్ళకు వేరే చోటు ఉండేది. టికెట్టు ధర ఒకటే, రైలు ఒకటే, తినే చోటు మాత్రం వేరు. ఆత్మగౌరవ ఉద్యమం వాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే 1940ల మొదట్లో అది పోయింది. 1957లో ట్రిప్లికేన్ మురళీ కేఫ్ బోర్డు మీద ‘బ్రాహ్మణ’ అన్న మాట తీసేయాలని పెరియార్ ఉద్యమం నడిపారు. ఏ కులంలో పుట్టినా, ఇప్పుడు మనమందరం ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటున్నామంటే దాని వెనక ఇంత కథ ఉంది.

మన టి. నగర్ పేరు కూడా గుర్తు చేసుకుందాం. 1920లలో మాంబళం చెరువును పూడ్చి ఈ పేట కట్టారు. ఇది పిట్టి త్యాగరాయ శెట్టిగారి పేరు. తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో పుట్టి జస్టిస్ పార్టీ నాయకుడైన మనిషి. ఆయన మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడే, 1920లో, థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పేద పిల్లలకు మధ్యాహ్నం పూట తిండి పెట్టడం మొదలైంది. పానగల్ పార్కు కూడా మన తెలుగు రాజాగారి పేరే, 1921 నుంచి 1926 దాకా ప్రెసిడెన్సీ ముఖ్యమంత్రి. ఎవరు ఎక్కడ కూర్చోవచ్చు, ఎవరు ఏం తినవచ్చు అన్నదాని మీద పోరాడినవాళ్ళ పేర్ల మధ్య మనం రోజూ నడుస్తున్నాం. అలాంటి పేటలో ఉంటూ, ఏ బోర్డూ లేని తలుపు ముందు మనమే మన మనసులో ఒక బోర్డు రాసుకుని వెనక్కి తిరగడం బాగాలేదు.

ఇక ఆ కార్డు సంగతి. చూస్తే భయపడేంత కొత్తది అందులో ఏమీ లేదు. పాస్తా అంటే గట్టి గోధుమ రవ్వతో చేసింది. ఇంట్లో సేమ్యా ఉప్మా తినేవాళ్ళకు అది దూరపు చుట్టం. సేమ్యాకు ఇంగ్లీషులో వాడే వర్మిసెల్లి కూడా ఇటలీ మాటే, దాని అర్థం ‘చిన్న పురుగులు’. కాబట్టి పేరు చూసి జంకనక్కర్లేదు. రిసొట్టో అంటే పొట్టి బియ్యాన్ని కొంచెం కొంచెం రసం పోస్తూ మెత్తగా ఉడికించింది, మన పొంగలిలా జారుగా వస్తుంది. పొలెంటా అంటే మొక్కజొన్న సంకటి, ఇక్కడివాళ్ళు కళి అంటారు. న్యోక్కి అంటే ఉడికించిన బంగాళాదుంపతో చేసిన చిన్న ఉండలు. బ్రుస్కెట్టా అంటే కాల్చిన రొట్టె మీద వెల్లుల్లి రుద్ది టమాటా ముక్కలు వేసింది. ఆలియో ఒలియో అన్నా కంగారొద్దు, ఆ మాటలకు అర్థం వెల్లుల్లి, నూనె. ఎండుమిరపకాయ కూడా వేస్తారు, మన పోపు వాసనే. టమాటా, మిరపకాయ ఇటలీలోనూ పుట్టలేదు, మన దగ్గరా పుట్టలేదు. రెండూ అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటి ఇద్దరి వంటింట్లోకీ వచ్చినవే.

అరగదు అనేవాళ్ళకు ఒక మాట. పాస్తాను వాళ్ళు ‘అల్ దెంతె’ అని కాస్త పంటికి తగిలేలా దించేస్తారు. అది వాళ్ళ పద్ధతి. మాలో సగంమందికి కట్టుడు పళ్ళు. "ఇంకో నాలుగు నిమిషాలు ఉడికించి తెండి" అని అడిగితే తెస్తారు. చీజు తగ్గించమన్నా, ఒక ప్లేటు ఇద్దరికి పంచి పెట్టమన్నా చేస్తారు. ఇడ్లీకి సాంబారు విడిగా తెమ్మని అడగడానికి మనకెప్పుడూ సిగ్గు లేదు. ఇదీ అంతే.

శాకాహారులు మాత్రం గట్టిగా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. రిసొట్టోలో, సూపులో పోసే రసం కూరగాయలదా, కోడిదా? తాజాగా చేసిన పాస్తాలో తరచుగా గుడ్డు ఉంటుంది, ఎండు పాస్తాలో మామూలుగా ఉండదు. పుట్టనెస్కా అనే సాస్‌లో నెత్తళ్ళు వేస్తారు. పన్నకోట్టాలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల ఎముక, చర్మం నుంచి వస్తుంది. తిరమిసూలో గుడ్డు ఉంటుంది, కొన్ని చోట్ల మద్యం కూడా కలుపుతారు. ఇటలీలో చేసే అసలు పార్మిజాన్ చీజుకు పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడాలి, అది అక్కడి నియమం. మన దేశంలో చేసే చీజులు చాలావాటికి దూడ రెన్నెట్ వాడరు, ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉంటుంది. "మీరు వాడే చీజుకు పచ్చ చుక్క ఉందా?" అని అడిగితే చాలు. తమిళంలో అడగండి. వడ్డించే కుర్రాళ్ళు ఎక్కువమంది ఇక్కడివాళ్ళో, ఈశాన్య రాష్ట్రాలవాళ్ళో అయి ఉంటారు. వాళ్ళకూ ఇటలీ భాష ఉద్యోగంలో చేరాకే వచ్చింది.

ధర విషయం. అవును, ఎక్కువే. నలుగురు తిన్న డబ్బుతో ఇంట్లో చాలా రోజుల సరుకులు వస్తాయి. అప్పు చేసి వెళ్ళమని మేము చెప్పడం లేదు. నెల నెలా వెళ్ళమనీ చెప్పడం లేదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు పిల్లలు తమ సంపాదనతో పిలిచినప్పుడు, ధర పేరు చెప్పి వాళ్ళ సంతోషం తగ్గించొద్దంటున్నాం. ఉస్మాన్ రోడ్డులో నగల కొట్టుకు వెళ్ళినప్పుడు తరుగు, కూలి ఎంత వేసినా నోరు మెదపనివాళ్ళం, పిల్లలు పెట్టే భోజనం దగ్గర లెక్కలు తీయడం ఏం న్యాయం?

లెక్క తీయాల్సిన చోటు బిల్లు. అక్కడ మా గుమాస్తా బుద్ధి పనికొస్తుంది. విడిగా నడిచే రెస్టారెంటులో జీఎస్టీ 5 శాతం. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే పెద్ద హోటల్లో ఉన్న రెస్టారెంటు అయితే 18 శాతం. సర్వీస్ చార్జీ వేరు, అది పన్ను కాదు, ప్రభుత్వానికి పోదు. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ళ సంఘాలు కోర్టుకు వెళితే, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. ఒకచోట మాకు 10 శాతం కలిపిన బిల్లు ఇచ్చారు. "ఇది తీసేయండి, కుర్రాడికి మేము చేతికి ఇస్తాం" అన్నాం. గొడవేమీ లేదు, కొత్త బిల్లు తెచ్చారు. వినకపోతే 1915కు ఫోన్ చేయవచ్చు. పిల్లలు సిగ్గుపడి అడగని చోట మేమే అడిగాం. పెద్దవాళ్ళు వెంట ఉంటే ఈ లాభం కూడా ఉంది.

"మన తిండి, మన భాష పోతున్నాయి, మీరేమో ఇటలీ తిండిని పొగుడుతున్నారు" అని కొందరు అనొచ్చు. ఈ మాటను తేలిగ్గా తీసుకోం. కానీ భాష ఎక్కడ పోతోందో చూడండి. మన మనవళ్ళలో ఎక్కువమందికి తెలుగు చదవడం రాదు. బడిలో ఇంగ్లీషు, తమిళం. వీధిలో తమిళం. తెలుగు వినేది మా నోటి నుంచే. వారం రోజుల్లో వాళ్ళు మాతో తీరిగ్గా కూర్చునే సమయం ఎంత? కొడుకు ఆఫీసు నుంచి రాత్రి తొమ్మిదికి వస్తాడు. కోడలికి ఇంటి పని, ఆఫీసు పని. పిల్లలకు ట్యూషన్. మూడు తరాలు ఒక టేబుల్ చుట్టూ రెండు గంటలు కదలకుండా కూర్చునేది ఇప్పుడు ఇలాంటి చోటే. ఆ రెండు గంటలు మేము ఇంట్లో టీవీ ముందు పెరుగన్నం తింటే, ఆ టేబుల్ దగ్గర ఇంగ్లీషే నడుస్తుంది. మేము వెళితే తెలుగు నడుస్తుంది. గోంగూర పచ్చడి ఇంట్లో ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఆ రెండు గంటలు మళ్ళీ రావు.

పిల్లలకు కూడా నాలుగు మాటలు. మా తరఫున మీరే ఆర్డరు చెప్పేయకండి. కార్డులో ఏముందో తెలుగులో చదివి చెప్పండి, మేము ఎంచుకుంటాం. ఫోర్కు పట్టుకోవడం రాక పిజ్జాను చేత్తో తింటే "తాతా, అలా కాదు" అనకండి. ఇటలీవాళ్ళు కూడా చేత్తో తింటారు. రాత్రి తొమ్మిదిన్నరకు కాకుండా ఏడింటికి టేబుల్ చెప్పండి, మా మందుల వేళలు ఉంటాయి. వెనక ఆనుకునే కుర్చీ, కాస్త వెలుతురు ఉన్న చోటు అడగండి. ఫోన్లు పక్కన పెట్టండి. కోడళ్ళకూ, కూతుళ్ళకూ ఇంకో మాట. అత్తగారినో, అమ్మనో బలవంతంగా పిలవండి. ఆడవాళ్ళు మాకంటే ఎక్కువగా "మాకొద్దు" అంటారు. జీవితమంతా అందరికీ వడ్డించి చివరన తిన్నవాళ్ళు. ఎవరో వచ్చి ముందుగా తమకే వడ్డించే భోజనం వాళ్ళకు ఒక్కసారైనా దొరకాలి.

మన సంఘానికి ఒక సూచన. వచ్చే నెల సమావేశంలో ఒక అరగంట దీనికి కేటాయిద్దాం. రెస్టారెంట్ల మెనూలు ఫోనులోనే దొరుకుతాయి. మనలో ఎవరి పిల్లలైనా ఒకటి ప్రింటు తీసి తెస్తే, అందరం కూర్చుని మాట మాటకూ పక్కన తెలుగు రాద్దాం. ఏది శాకాహారం, ఏది అడిగి తెలుసుకోవాలి అని గుర్తులు పెడదాం. ఒక పేజీ కాగితం అవుతుంది, మడిచి జేబులో పెట్టుకోవచ్చు. తర్వాత ఒక మధ్యాహ్నం, ధర తక్కువ ఉండే పూట చూసి, పది మంది పెద్దవాళ్ళం ఎవరి డబ్బు వాళ్ళు వేసుకుని వెళ్ళి వద్దాం. ఆ తర్వాత పిల్లలు పిలిచినప్పుడు ఏం తినాలో మేమే చెబుతాం. రావాలనుకునేవాళ్ళు కార్యదర్శిగారి దగ్గర పేరు ఇవ్వండి.

సెలవు.