జొన్నకు గౌరవం వచ్చింది, పండించినవారికి ఎప్పుడు?

జొన్న గటక, జొన్న రొట్టె ఒకప్పుడు కూలోళ్ల తిండి. తెల్లన్నం తినేవారి ముందు సద్ది విప్పడానికి మన పిల్లలు సిగ్గుపడ్డారు. ప్రభుత్వ లెక్కల్లోనూ అవి 'ముతక ధాన్యాలు'. 2018లో కేంద్రం వాటిని 'పోషక ధాన్యాలు' అంది. 2023 బడ్జెట్‌లో 'శ్రీ అన్న' అని పేరు పెట్టింది. ఐక్యరాజ్యసమితి ఆ ఏడాదిని చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. తిండికి అంటిన కులం మరక పేరు మార్చినంతనే పోతుందా?

జొన్నలో బలం ఎప్పుడూ ఉంది. 100 గ్రాముల జొన్నల్లో సుమారు 4 మిల్లీగ్రాముల ఇనుము, 10 గ్రాముల పీచు ఉంటాయి. పాలిష్ బియ్యంలో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు, పీచు 3 గ్రాములకు మించదు. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. అందుకే మన అమ్మలు మరిగిన నీళ్లు పోసి పిసికి, చేత్తో తట్టి రొట్టె చేస్తారు. రవ్వ ఉడికిస్తే గటక, మజ్జిగ కలిపితే చలువ. ఈ తెలివి ఏ పాకశాస్త్ర పుస్తకమూ వాళ్లకు నేర్పలేదు.

జహీరాబాద్ పల్లెల్లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు 1990లలోనే దారి చూపారు. బీడు చెల్కలు సాగుచేసి, పండిన జొన్నలు ఊళ్లోనే నిల్వచేసి, పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. విత్తనాలు కాపాడారు. 2019లో ఆ సంఘాలకు ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ప్రభుత్వాలు మాత్రం వారి నమూనాను ఊరూరికీ తీసుకెళ్లలేదు.

2013 ఆహార భద్రతా చట్టం బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలనూ రేషన్‌లో చేర్చింది. కర్ణాటకలో రేషన్ షాపుల్లో రాగులు, జొన్నలు ఇస్తున్నారు. మన దగ్గర ఎందుకు కుదరదు? చిన్న రైతుల దగ్గర మద్దతు ధరకు కొని, సంక్షేమ హాస్టళ్లకు, అంగన్‌వాడీలకు, రేషన్‌కు ఇవ్వాలి.

ఒక హెచ్చరిక కూడా అవసరం. జొన్నలో లైసిన్ అనే పోషకం తక్కువ. దానికి పప్పు, గుడ్డు, మాంసం తోడు కావాలి. చిరుధాన్యాలను పొగుడుతూ పిల్లల పళ్లెంలో గుడ్డు తీసేస్తే ఒప్పుకోలేం.

జొన్నను నిజంగా గౌరవించాలంటే దాన్ని పండించే చేతులకు భూమి ఇవ్వాలి, పంటకు ధర ఇవ్వాలి. అంతవరకు 'శ్రీ' అన్నది సంచి మీది అచ్చే.