మేడ గది నేల

"ఆ చెక్కలన్నీ పీకి పడేసి స్లాబేసేద్దాం. టైల్స్ పరిస్తే అద్దంలా ఉంటది" అన్నాడు మావయ్య.

బుచ్చిరెడ్డిపాలెంలో మా అమ్మమ్మగారింటి మేడ గది గురించి ఈ మాట. కిందంతా నాపరాళ్లే. పైన ఆ ఒక్క గదికి మాత్రం టేకు దూలాల మీద టేకు చెక్కలు పరిచి ఉంటాయి. మన వైపు ఇళ్లలో చెక్క నేల అరుదు. చెదలకీ వానలకీ జడిసి మనవాళ్లు రాయినీ సున్నాన్నీ నమ్ముకున్నారు. అందుకే చిన్నప్పుడు మాకు ఆ గదంటే అంత గొప్ప. పైన పరిగెడితే ఏ మూలన ఎవరున్నారో కింద వంటింట్లోంచే అమ్మమ్మ చెప్పేసేది.

ఇప్పుడా నేల చూస్తే జాలేస్తుంది. ఎప్పుడో ఎవరో ఎర్ర పెయింటు కొట్టారు. అది పెచ్చులు పెచ్చులుగా లేచింది. ధాన్యం బస్తాలు ఈడ్చిన గీతలు, కిటికీ దగ్గర వానజల్లు మచ్చలు. 'శ్రీరామనవమికి కోదండరాముడి ఉత్సవాలకి చుట్టాలంతా వస్తారు కదా, అప్పటిదాకా ఆగు మావయ్యా, బాగుపడకపోతే నీ ఇష్టం' అన్నాను. అప్పటికి ఫిబ్రవరి. ఈ పనికి అదే అదును. మన నెల్లూరు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా. ఆ తేమలో చెక్క ఉబ్బుతుంది, పాలిష్ తెల్లబారుతుంది.

నాకంత ధైర్యం ఎక్కడిదంటే, న్యూజెర్సీలో ఉన్న మా పెద్దన్నయ్య ఇచ్చింది. అక్కడి ఇళ్లలో ఓక్ చెక్క నేలలు మామూలే. మెరుపు పోయినప్పుడు మిషను అద్దెకి తెచ్చుకుని తనే అరగదీసి, తనే వార్నిష్ వేసుకున్నాడు. ఫోనులో మొట్టమొదట అడిగింది "చెక్క ఎంత మందముందిరా?" అని. అరగదీసిన ప్రతిసారీ కాస్త చెక్క పోతుంది. పోయింది మళ్లీ రాదు. మెట్ల దగ్గర అంచు కనిపించే చోట స్కేలు పెట్టి చూశాను. అంగుళం ఉంది. బతికిపోయాం.

రెండో మాట అన్నయ్య చెప్పకపోతే నాకు తట్టేదే కాదు. పాత పెయింట్లలో సీసం ఉండేది. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు కొట్టిన రంగుని ఎవరూ నమ్మనక్కర్లేదు. దాన్ని పొడిగా అరగదీస్తే దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. పాకే పిల్లలు, చేతులు నోట్లో పెట్టుకునే పిల్లలు దాన్ని తినేస్తారు. ఎదిగే మెదడుకి సీసం చేసే చెరుపు మందులతో బాగయ్యేది కాదు. మా అమ్మాయికి మూడేళ్లు. తల్లీకూతుళ్లని ఆ వారం నెల్లూరు పంపేశాను.

రంగు మీద నీళ్లు చిలకరిస్తూ, తడి ఆరకుండా రేకుతో గీకాను. పెచ్చులన్నీ సంచిలో కట్టేశాను. చీపురు ముట్టుకోలేదు, తడిగుడ్డతోనే రెండు మూడుసార్లు తుడిచాను. మూతికి మాస్కు. ఆ బట్టలు విడిగా ఉతికాను. నాలుగు రోజులు పట్టింది. నడుము సంగతి అడక్కండి.

రంగు పోయాక కింద టేకు కనిపించింది. తేనెరంగు, చేవ తేలిన చెక్క. అప్పుడు ఊళ్లోని పెద్దాచారిని పిలిచాను. ఆయన వంగి కూడా చూడలేదు, చెప్పులు విడిచి కాలితో తడిమాడు. "ముందు మేకులు దించండయ్యా. తల పైకుంటే మీ కాయితం చిరిగిపోద్ది" అన్నాడు. చెక్కల మధ్య సందుల్లో లప్పం పెడదామంటే నవ్వాడు. "వానలకి చెక్క ఒళ్లు చేస్తది. సందులో లప్పం కుక్కితే అదెక్కడికి పోవాల? లేచి బయటికొస్తది. వొదిలేయండి."

నెల్లూరు నుంచి అరగదీసే మిషను అద్దెకి తెచ్చాను. ఉప్పుకాగితం నంబరు చిన్నదైతే గరుకు ఎక్కువ. 60తో మొదలుపెట్టి 80, తర్వాత 120. మధ్యలో ఒకటి మానేస్తే ముందు పడిన గీతలు తర్వాత పాలిష్ కింద బయటపడతాయి. ఎప్పుడూ చెక్క చార వెంబడే నడపాలి, అడ్డంగా పోకూడదు. ఇవన్నీ తెలుసు. ఇంతలో జేబులో సెల్లు మోగింది. నేను ఆగాను, మిషను ఆగలేదు. తిరుగుతూనే ఒక్కచోట నిలబడింది. గరిటెడు గుంట!

ఆచారి చూసి తిట్టలేదు, అది ఇంకా బాధ. గుంట చుట్టూ మూరెడు మేర చేత్తో అరగదీసి వాలు కలపమన్నాడు. "కంటికి కనపడదు. కాలికి తెలుస్తది" అన్నాడు. వాళ్ల తాతల కాలంలో ఉప్పుకాగితం ఎక్కడిది, బర్రెంక ఆకుతో రుద్దేవాళ్లట. గరుకాకు అన్నమాట. నాకూ ఆకే ఇచ్చి ఉంటే ఈ గుంట పడేది కాదు.

ఇక పూత. లక్క పాలిష్ తలుపుకి అందమేగానీ నేలకి ఆగదు, నీళ్లు పడితే తెల్లమచ్చ. వార్నిష్ గట్టిదే, కానీ ఒకచోట లేచిందంటే మళ్లీ అంతా గీకాలి. మేం కాచిన అవిసె నూనె తీసుకున్నాం. టేకులో సహజంగానే జిడ్డుంటుంది కాబట్టి ముందు థిన్నరు గుడ్డతో తుడిచాం. నూనె పలచగా రాసి, పావుగంట ఆగి, చెక్క తాగగా మిగిలింది తుడిచేయాలి. తుడవకపోతే నెలయినా జిగురే. రోజుకొక పూత, మొత్తం మూడు.

ఒక్కటి మాత్రం మరిచిపోకండి. ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. అగ్గిపుల్ల అక్కర్లేదు. చెక్క మేడలో అది జరిగితే ఇంకేముంది. నీళ్ల బకెట్లో ముంచాను, తర్వాత పెరట్లో విడివిడిగా ఆరేశాను.

నవమి రోజు పిల్లలు పైన పరిగెత్తారు. కింద వంటింట్లో మా అమ్మ తలెత్తి "తూర్పు కిటికీ దగ్గర ఇద్దరు" అంది. ఎవరో పానకం ఒలకబోశారు, గుడ్డ పెట్టి తుడిస్తే పోయింది. మావయ్య చేతులు వెనక్కి కట్టుకుని గదంతా ఒకసారి నడిచాడు. స్లాబు మాట ఎత్తలేదు. వద్దనీ అనలేదు. మధ్యలో ఒకచోట ఆగి, కుడికాలు అటూ ఇటూ ఆడించి చూశాడు.

"ఇక్కడేందిరా?"

"సెల్లు మోగింది మావయ్యా."