పాడైంది మా చదువు కాదు, మీ మాట!

పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు జోరుగ నడుస్తున్నయి. ఫంక్షన్ హాలు, ఫ్లెక్సీ, శాలువా, మెమెంటో, బిర్యానీ. డెబ్బై దాటిన మా బ్యాచులు కూడ మోకాళ్ల నొప్పులతోటి పోతున్నయి. మంచిదే, పోవాలె. బతికున్నోళ్లం ఒకరి మొఖం ఒకరు చూసుకోవాలె. కానీ మైకు చేతికొచ్చినంక చెప్పే ముచ్చట్లేంది? క్యాంటీన్ చాయ్, హాస్టల్ నీళ్ల పప్పు, సారుకు పెట్టిన మారుపేరు, క్లాసు ఎగ్గొట్టి చూసిన మాటినీ. నడుమ 1969 ముచ్చట వచ్చిందంటే మాత్రం గొంతు తగ్గుతది. “ఆ గొడవల్ల ఒక ఏడాది పాడైంది” అని ఒక్క మాటతోటి దాటేస్తరు. మా పేచీ ఈ ఒక్క మాట మీదనే.

పాడు చేసింది ఎవరు?

కాలేజీలు నెలల తరబడి మూతపడ్డయి, నిజమే. పరీక్షలు వాయిదా పడ్డయి, నిజమే. ఆర్ట్స్ కాలేజీ, నిజాం కాలేజీ, సిటీ కాలేజీ, కోఠీ ఉమెన్స్ కాలేజీ, వరంగల్, నల్లగొండ, ఖమ్మం కాలేజీలు అన్నీ రోడ్డు మీదికి వచ్చినయి. కానీ సరదాకు వచ్చినయా? పుస్తకం పట్టుకోవలసిన చేతికి జెండా ఇచ్చింది ఎవరు?

1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషులు ఒప్పందం రాసుకున్నరు. కొలువుల్లో తెలంగాణోళ్లకు రక్షణ ఉంటదన్నరు. తెలంగాణ మిగులు పైసలు తెలంగాణలనే ఖర్చు పెడుతమన్నరు. సంతకాల తడి ఆరకముందే మాట తప్పుడు మొదలైంది. పదిహేనేండ్లు ఇక్కడ నివసించినోళ్లకే కొలువు అని 1919 నుంచి ఉన్న ముల్కీ నిబంధనకు దొంగ సర్టిఫికెట్లతోటి తూట్లు పొడిచిండ్రు. పాల్వంచ థర్మల్ స్టేషన్ తెలంగాణ గడ్డ మీద కట్టిండ్రు, కొలువులు మాత్రం ఎక్కడెక్కడోళ్లకో పోయినయి. ఆ మంట అక్కడ లేచి ఖమ్మం కాలేజీకి అంటుకున్నది, అక్కడి నుంచి ఉస్మానియాకు వచ్చింది.

1969 జనవరి 19న అఖిలపక్షం ఒప్పందం. జనవరి 21న జీవో 36. స్థానికేతరులను పంపిస్తమని కాగితం మీద రాసిండ్రు. జనవరి 24న సదాశివపేటల తూటాలు పేల్చిండ్రు. పదిహేడేండ్ల శంకర్ ప్రాణం పోయింది. మూడు రోజుల ఎడంల ఒక చేత్తో జీవో, ఒక చేత్తో తుపాకీ! మార్చిల సుప్రీంకోర్టు 1957 నాటి నివాస చట్టంల అసలైన సెక్షన్‌నే కొట్టేసింది. ఇక కాగితం కూడ మిగలలేదు. అప్పుడు మేము క్లాసుల కూసొని నోట్సు రాసుకోవాల్సిందా? ఏ కొలువు కోసం? ఎవరి కొలువు కోసం?

కాబట్టి లెక్క సరిగ చెప్పుకుందాం. పాడైంది మా చదువు కాదు, పాలకుల మాట.

సిలబస్‌ల లేని చదువు

ఆ ఏడాది మేము చదువుకోలేదు అనేటోళ్లకు ఒక ప్రశ్న. జీవో అంటే ఏంది, అది అమలు కాకుంటే ఎవరిని అడగాలె అనేది మాకు ఏ పుస్తకం నేర్పింది? బడ్జెట్ చదువుడు, మిగులు నిధుల లెక్క కట్టుడు ఏ లెక్చరర్ చెప్పిండు? తెలంగాణ మిగులు 34 కోట్ల రూపాయల పైచిలుకు అని కుమార్ లలిత్ కమిటీ 1969లనే తేల్చింది. బీఏ చదివే పోరడు ఆ అంకెను ఊళ్లె రచ్చబండ కాడ రైతులకు అర్థమయ్యేటట్టు చెప్పిండు. అది చదువు కాదా? చంచల్‌గూడ జైలుకు పోయిన పిల్లలు, లాఠీ దెబ్బలకు చెయ్యి విరిగిన పిల్లలు తిరిగొచ్చి మళ్ల అదే బెంచీల మీద కూసొని పరీక్ష రాసిండ్రు. లెక్చరర్లయిండ్రు, గుమాస్తాలయిండ్రు, వకీళ్లయిండ్రు. 2000ల తర్వాత ఉద్యమం మళ్ల లేస్తే గణాంకాల ఫైళ్లు చంకల పెట్టుకొని ముందు నడిచింది ఈ తరమే. 1952 ముల్కీ పోరాటంల విద్యార్థిగ నడిచిన జయశంకర్ సారు ఆ నిప్పును 2011 జూన్ 21న కన్ను మూసే దాక ఆరనియ్యలేదు. కళ్ల ముందట రాష్ట్రం చూడకుండనే పోయిండు.

ఇక తిరిగిరానోళ్లున్నరు. ఉద్యమం చెప్పిన లెక్క 369 మంది. వాళ్ల కోసం గన్‌పార్కు స్తూపానికి 1970 ఫిబ్రవరి 23న పునాది రాయి పడ్డది. వాళ్లకు పాడైంది ఒక ఏడాది కాదు, ఉన్న బతుకంత. వాళ్ల సోపతిగాళ్లమై ఉండి “గొడవల్ల ఏడాది పోయింది” అని మైకుల అనుడు ఎట్ల నోరొస్తది?

ఒక బతుకు లెక్క

విద్యార్థి తమ్ముళ్లారా, ఉద్యోగ మిత్రులారా, ఒక చిన్న లెక్క చెయ్యండి. 1969ల ఇరవై ఏండ్ల పిలగాడు అనుకోండి. 1971 ఎన్నికల్ల తెలంగాణల 14 లోక్‌సభ సీట్లుంటే 10 సీట్లు తెలంగాణ ప్రజాసమితికి ఓట్లేసి గెలిపించిన తరం అది. అదే ఏడు సెప్టెంబర్ల గెలిచినోళ్లు పోయి కాంగ్రెస్‌ల కలిసిండ్రు. మా పిలగాడికి 22 ఏండ్లు. 1973ల ఆరు సూత్రాలు తెచ్చి ముల్కీ నిబంధనలనే పాతరేసిండ్రు. 24 ఏండ్లు. 1975ల రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చినయి, వాటిని కూడ తొక్కిండ్రు. 1985 డిసెంబర్ 30న జీవో 610 వచ్చింది. మూడు నెలల్ల, అంటే 1986 మార్చి 31 లోపల, అక్రమంగ వచ్చినోళ్లను వెనక్కి పంపుతమన్నరు. 36 ఏండ్లు. ఆ జీవో సంగతి చూడమని 2001ల గిర్‌గ్లాని కమిషన్ వేసిండ్రు. 52 ఏండ్లు. 2007ల 58 నిండి రిటైరైండు. 610 అప్పటికీ ఫైళ్లనే మూల్గుతున్నది. రాష్ట్రం వచ్చిన 2014 జూన్ 2 నాటికి వానికి 65.

ఉద్యమం తిన్నది ఒక విద్యా సంవత్సరం. పాలకుల దగా తిన్నది ముప్పై ఎనిమిదేండ్ల కొలువు, ప్రమోషన్లు, దాని మీద వచ్చే పింఛన్. నోటికాడి బుక్క గుంజుకున్నోన్ని వదిలి, బుక్క కోసం కొట్లాడినోన్ని తప్పు పడుతరా?

రాష్ట్రం వచ్చింది కదా అంటరా?

“ఇంకెందుకు పాత పాట, తెలంగాణ వచ్చింది కదా” అనేటోళ్లు ఉన్నరు. వచ్చింది. 1969 విత్తనం, 2009 నుంచి పిల్లల చావులు, 2011 సకల జనుల సమ్మె 42 రోజులు కలిస్తే వచ్చింది. ఎవ్వరి దయతోటి రాలేదు.

కానీ మా లెక్కనే ఇప్పటి పిల్లలకు కూడ చేసి చూడండి. రాష్ట్రం వచ్చిన నాడు 22 ఏండ్లున్న డిగ్రీ పిలగాడు మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ చూసేసరికి 2022. వానికి 30 ఏండ్లు. 503 పోస్టులు. ప్రిలిమ్స్ రాసిండు. 2023 మార్చిల పేపర్ లీకైందని రద్దు చేసిండ్రు. జూన్‌ల మళ్ల రాసిండు. సెప్టెంబర్‌ల హైకోర్టు అది కూడ రద్దు చేసింది. 2024ల పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులకు కొత్తది ఇచ్చిండ్రు. వాడు అశోక్‌నగర్ గదిల అద్దె కట్టుకుంట, అమ్మ పంపిన పచ్చడి తినుకుంట వయసు కరిగించుకున్నడు. వాని ఏండ్లు ఏ గొడవల్ల పాడైనయి? ఇక్కడ లాఠీ లేదు, తూటా లేదు, ఆంధ్ర పాలకుడు కూడ లేడు. మన ఓటుతోటి గెలిచిన మన ప్రభుత్వాలే ఉన్నయి. రంగు మారినంత మాత్రాన దగా దగా కాకుండ పోతదా?

మేము అడిగేది

2023 ఎన్నికల్ల ఉద్యమకారులకు 250 గజాల జాగ ఇస్తమని హామీ ఇచ్చిండ్రు. ఇచ్చిన మాట నిలబెట్టుకునే బాధ్యత వాళ్లది. మేము అడిగేది గజాలు కాదు. ఒకటి, 1969 అమరుల పేర్లు వాళ్లు చదివిన బడి, కాలేజీ గోడ మీద రాయాలె. రెండు, ఆనాటోళ్లు రోజుకొకరు రాలిపోతున్నరు, ఉన్నోళ్ల నోటి మాటలను విశ్వవిద్యాలయాలు వెంటనే రికార్డు చెయ్యాలె. మూడు, 2024 ఆగస్టుల అసెంబ్లీల జాబ్ క్యాలెండర్ పెట్టిండ్రు. క్యాలెండర్ ఎవరైన పెడుతరు. తేదీ తప్పితే జవాబు చెప్పే మనిషెవరో కూడ చట్టంల రాయాలె. పరీక్ష సర్కారు తప్పుతోటి రద్దయితే పోయిన ఏండ్లను వయోపరిమితిల కలపాలె.

మా వయసు అయిపోయింది, మాకిప్పుడు కొలువులొద్దు. కానీ మా తరం కాలాన్ని మింగినోళ్లను చూసినోళ్లం కాబట్టి చెప్తున్నం. పోరగాళ్ల వయసు సర్కారు ఖజానా కాదు, ఇష్టమొచ్చినట్టు వాడుకోనీకి. ఆ సంగతి మరిచిన ప్రతి పాలకునికి ఉస్మానియా ఒక ఏడాది పాఠం చెప్పింది. మళ్ల చెప్పే దాక తెచ్చుకోకుండ్రి!

జై తెలంగాణ!